చీనా సేమియా

కూసో. ఆ కుర్చీల కాదు, ఈడ, నా ముందట కూసో. నా మొఖం నీకు కానరావాలె. ఫోను పక్కకు పెట్టు. కాయితం తీస్కో, పెన్ను తీస్కో, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. తిడితే తిట్టు కూడ రాయి. మీ హోటల్ సారు చెప్పింది పేజీలకు పేజీలు రాస్కొచ్చి అద్దం ముందట నిలబడి చదివినవ్ గద, ఇయాల మీ నానమ్మ చెప్పేది రాయి. జర గట్టిగనే చెప్త. నాకు చెవుడు లేదు, నీకూ లేదు, అయినా గట్టిగనే చెప్త. వంటింటి దాంక వినబడితే వినబడనీ.

పగటీలి అన్నం కాడ నీ ముందట ఖాళీ కంచం పెట్టిన. కూర గిన్నె మూత కూడ తియ్యలే. ఏంది నానమ్మా ఇది అన్నవ్. నేను నీళ్లు తాగుకుంట కూసున్న. అలిగి లేసి పోయినవ్. ఇప్పుడొచ్చి ఎందుకట్ల చేసినవ్ అని అడుగుతున్నవ్. అడిగినవ్ గద, ఇగ సక్కగ విను. ఆ ఖాళీ కంచం నేను పుట్టిచ్చింది కాదు. నా చిన్నప్పుడు మా పక్కింటి ముసల్మానోళ్ల ముసలామె, నానిమా అంటుంటిమి, ఆమె పెట్టింది. నీ అసొంటి పిల్లకు కాదు, ఇంటి అల్లునికే పెట్టింది. అది కూడ పండుగ నాడు.

ఆ ముచ్చట చెప్త గాని, ముందుగాల మొన్న ఆదివారం ముచ్చట రాయి. నాకెర్కనే నానమ్మా అంటవేంది? నీకెర్క, నాకెర్క, రేపు ఈ కాయితం ఎవలన్న చదివితె వాళ్లకెట్ల తెలుస్తది? రాయి.

నువ్వు ఏర్పోర్టు కాడి పెద్ద హోటల్ల, చీనా తిండి పెట్టే కాడ కొలువుకు కుదిరినవ్. మంచిదే. ఈ తొండుపల్లిల మన పొలం పాయె, మీ నాయిన నాగలి ఇడిసి ట్యాక్సీ పట్టె, నువ్వు తెల్లంగి నల్లప్యాంటు ఏస్కొని పోతుంటె నాకు సంబురమే అనిపిచ్చింది. మీకు మాట నేర్పనీకి ఒక సారును పెట్టిండ్రు. ఆ తిండి పేర్లు ఇంగ్లీషోళ్లు ఎట్లంటరో అట్ల అనాలెనంట. నోటి ముందట చిన్న అద్దం పెట్టి, పెదిమలు గుండ్రగ తిప్పు, నాలిక లోపటికి పెట్టు, ఇప్పుడు అను, అని మీ అందరికీ నేర్పిండు. నువ్వు ఇంటికొచ్చి బాత్రూముల తలుపేస్కొని ఛౌ, ఛౌ అని ఒక్కటే తీరుగ అంటుంటె, లోపట కుక్క జొచ్చిందేమో అని నేను కట్టె పట్టుకొని ఉరికొచ్చిన. గుర్తున్నదా? గప్పుడు నవ్వుకున్నం. గప్పుడు నవ్వితె ఎవ్వలికీ నొప్పి లేకుండె.

మీ అమ్మ సంగతి రాయి. అది ఆరాంఘర్ కాడ బండి మీద మంచూరియా చేసేటోన్ని చూసి చూసి, వాని గరిట ఎటు తిరుగుతదో కన్నార్పకుంట చూసి, ఇంటికొచ్చి చేసింది. మొదటిసారి మాడిపాయె. రెండోసారి పిండి ఎక్కువాయె. ఇగ తర్వాత చేసింది తిని మీ నాయిన దోస్తులు, ట్యాక్సీలోళ్లు, వదినె నువ్వు బండి పెట్టు, మేమే వచ్చి తింటం అన్నరు. ఏర్పోర్టుల విమానం దిగేటోళ్ల కోసం గంటలకు గంటలు రోడ్డు మీద పడిగాపులు పడేటోళ్లు గద, వాళ్లకు వేడిగ ఇంత పెడితె ఎవలకు చేదు? బండి చేపిచ్చిండు మీ నాయిన. పెయింటరొచ్చి బోర్డు రాసిండు, ఎర్ర అక్షరాలతోని, మంచూరియా, నూడిల్స్, ఫ్రైడ్ రైస్. వాకిట్ల తాడిపత్రి పట్టా కప్పి పెట్టింది అదే. గురువారం నాడు కొబ్బరికాయ కొట్టి బయటికి తియ్యాలె.

ఆదివారం నువ్వే అన్నవ్, అమ్మా, నానమ్మా, మా హోటల్ల తినిపిస్త రాండ్రి అని. మీ అమ్మ ఎంత మురిసిందనుకున్నవ్? పెద్దోళ్ల కాడ రుచెట్లుంటదో చూసొస్త అత్తా, నా దాంట్ల ఏం తక్కువైందో తెలుస్తది అన్నది. పెళ్లిళ్లకు కట్టే చీర తీసింది. ఆటోల పోతుంటె, ఆడ కుర్చీల ఎట్ల కూసోవాలె, చెంచా ఏ చేత్ల పట్టాలె అని నిన్నే అడుగుతనే ఉన్నది.

కూసున్నం. ఏసీ చలికి నేను చెంగు కప్పుకున్న. నీతోటి పనిజేసే పిల్లగాండ్లు, పిల్లలు, అందరొచ్చి నమస్తె ఆంటీ, నమస్తె నానమ్మా అన్నరు. ఏం తింటరు ఆంటీ అని అడిగిండ్రు. మీ అమ్మ నోరార, మంచూరియా ఉన్నదా బిడ్డా, అన్నది. వాళ్లు ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. గంతే. వాళ్లను నేనేమనను, వాళ్లెవలో, మీ అమ్మెవలో. కాని నువ్వేం జేసినవ్? రాయి, ఏం జేసినవో నీ చేతితోనే రాయి. మంచూరియా కాదమ్మా, మంచూరియన్, ఆఖర్ల నాలిక పైకి పోవాలె, ఏదీ అను, అన్నవ్. అని టేబుల్ మీది చెంచా తీసి, అద్దం లెక్క ఆమె నోటి ముందట పట్టినవ్.

అది అన్నది. గదే నాకు మంట. లేసి ఒక్కటిచ్చినా నేనేమనకపోదును. పాపం, ఆ చెంచాల చూసుకుంట అన్నది. సక్కగ రాలే. మళ్ల అను అన్నవ్. మళ్ల అన్నది. అందరు నవ్విండ్రు. అందరికంటె గట్టిగ నువ్వే నవ్వినవ్.

నేను ఆడ నోరు తెరువలే. అది నీ కొలువు జేసే జాగ, నలుగుర్ల నీ పరువు తియ్యొద్దని పండ్లు పట్టుకొని కూసున్న. మీ అమ్మ ఒక్క ముక్క నోట్ల పెట్టుకున్నది, మిగిలింది అటిటు జరుపుకుంట కూసున్నది. ఇంటికొచ్చి చీర మడత పెట్టుకుంట నాతోని ఏమన్నదో నీకెర్కనా? అత్తా, ఆ బండి వాపస్ ఇయ్యమని చెప్పు, రోడ్డు మీద నిలబడి ఆ పేర్లు నేనేడ పిలుస్త, వచ్చేటోళ్లంత ఏర్పోర్టు కాడ పనిజేసేటోళ్లు, నవ్వుతరు, అన్నది. ఆ రోజు సంది మనందరికి పెట్టి, మనందరం తిన్నంక, ఒక్కతే వంటింట్ల కూసొని తింటున్నది. నిన్ను ఒక్క మాట అనలే. నీ అన్నం డబ్బా ఎప్పటి లెక్కనే కట్టిస్తనే ఉన్నది. నువ్వు చూసినవా? చూడలే. రేపొద్దున గురువారం. పెయింటరుకు ఫోన్ చేసి బోర్డు చెరిపెయ్యి తమ్మీ అని చెప్పింది పొద్దుగాల. గందుకే పగటీలి నీకు ఖాళీ కంచం పెట్టిన.

ఏడుస్తె పక్కకు జరిగి ఏడువు, కాయితం తడుస్తది. ఇగ నా చిన్నప్పటి ముచ్చట రాయి.

నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లుంటయ్. మా అమ్మగారిల్లు శంషాబాద్. ఇప్పటి లెక్క లేకుండె, చుట్టూ జొన్న చేన్లే. మా ఇంటికీ నానిమా ఇంటికీ నడుమ ఒక మట్టిగోడ. ఆ గోడ ఒక దగ్గర వానలకు కరిగి కిందికి దిగింది. మా నాయిన ఏడాదికోసారి అది కడ్త కడ్త అంటుండె, మా అమ్మ కట్టనియ్యకపోతుండె. ఎందుకంటె ఆ సందులకెల్లే గిన్నెలు అటూ ఇటూ పోతుండె. ఇటుకెల్లి జొన్నరొట్టెలు, చింతచిగురు పప్పు, అటుకెల్లి పుల్లపుల్లటి పులుసు, ఖట్టా సాలను అంటరు, ఎప్పుడన్న మాంసం. గిన్నె ఎప్పుడూ ఉత్తగ వాపసు పోకపోతుండె, అడుగున ఇంత బెల్లమన్న ఏసి పంపుతుండ్రి.

రంజాన్ వస్తుందంటె మా అమ్మ అటు పోతుండె. సేమియా చెయ్యనీకి. అప్పుడు దుకాండ్ల ప్యాకెట్లు యాడివి? గోధుమ పిండి తడిపి, మస్తుగ పిసికి, వేళ్ల నడుమ సాగదీసి సాగదీసి దారం లెక్క చెయ్యాలె. చేసింది నులక మంచం బోర్లేసి, దాని కోళ్లకు కట్టెలు కట్టి, ఆటి మీద ఆరేస్తుండ్రి. నానిమా ఒక దిక్కు, మా అమ్మ ఒక దిక్కు. మా అమ్మ చేతిల సన్నగ వచ్చేది. నానిమా అంటుండె, నీ వేళ్లకు రేషం పురుగు కుట్టింది ఏమే, పట్టుదారం తీస్తున్నవ్ అని. నేను ఆ కోళ్ల నడుమ కూసొని, పైన ఆ దారాలు గాలికి ఊగుతుంటె చూస్తుంటి. పండుగ నాడు పాలల్ల ఖర్జూరపండ్లు, జీడిపప్పు ఏసి వండుతుండ్రి. వాళ్లు షీర్ ఖుర్మా అంటుండ్రి, మా అమ్మ సేమియా అంటుండె. ఇద్దరికీ ఏం పరేషాన్ లేకుండె.

ఆ ఇంట్ల ఒక కట్టుబాటుండె. పండుగ నాడు తెల్ల గుడ్డ, దస్తర్‌ఖాన్ అంటరు, అది కింద పరిచి అందరు సుట్టూర కూసొని తింటరు. సేమియా చేసిన చేతులు ఎన్నున్నయో అవి అన్ని వచ్చి కూసున్నంకనే ఆ గుడ్డ పరవాలె. అందుకని మా అమ్మ పోకుంటె వాళ్లకు పండుగ మొదలుగాకపోతుండె.

ఆ ఏడు నానిమా బిడ్డ పెండ్లయింది. లష్కర్‌ల ఇచ్చిండ్రు, గదే, ఇప్పుడు సికింద్రాబాద్ అంటరు గద. అల్లుడు ఆడ ఒక చీనా హోటల్ల వడ్డించే పని చేస్తుండె. ఆ హోటల్‌కు దొరసానులు, దొరలు, ఫౌజుల పెద్ద పెద్ద అఫ్సర్లు వస్తుండ్రంట. పెండ్లయినంక మొదటి పండుగ. అల్లుడొచ్చిండు. తెల్లటి అంగీ, ఇస్త్రీ టోపీ, బూట్లు కిర్రు కిర్రు. చేత్ల ఇత్తడి టిఫిన్ క్యారేరు. వాళ్ల హోటల్ల పొయినరాత్రి చేసింది తెచ్చిండు. మా ఊర్ల అసొంటిది ఎవ్వలూ చూడలే. మొదటి గిన్నెల పొడుగు పొడుగు దారాలు, ఉల్లిపొరక, కోడిగుడ్డు. రెండో గిన్నెల కూరగాయలు, పైన నిగనిగ మెరిసే పులుసు.

వచ్చిన కాడికెల్లి ఒకటే తీరు. మా పిల్లలందర్ని గోడకు వరుసగ నిలబెట్టిండు. ఇది చౌ మేన్, అనుండ్రి. ఇది చాప్ సూయి, అనుండ్రి. అట్ల కాదు, దొరలు గట్లనరు, పెదిమలు ముందటికి పెట్టి అనాలె. సక్కగ అన్నోళ్లకు ఒక పిప్పరమెంటు. మాకు మజానే అనిపిచ్చింది. పిప్పరమెంటు వస్తున్నప్పుడు పెదిమలు ఎటు పెట్టమంటె ఎందుకు పెట్టం?

అప్పుడే మా అమ్మ రొట్టెల గంప నెత్తినెత్తుకొని అటు వచ్చింది. గంప దించి, క్యారేర్లకు తొంగి చూసింది. దాని మొఖం ఇట్ల వెలిగింది. చూసినవా, నాకు ఇప్పటికీ కండ్ల ముందట ఉన్నది. ఏండ్ల సంది వేళ్లతోని సాగదీసిన మనిషి గద, ఆ దారాలు చూసి సుట్టాన్ని చూసినట్టు చూసింది. అమ్మా, ఇది మన సేమియానే గద! చీనోళ్లు కూడ చేస్తరా? చీనా సేమియా! అన్నది.

అల్లుడు తొడ మీద సరిచి సరిచి నవ్విండు. తన బీబీని, గదే నానిమా బిడ్డను, పిలిచిండు, ఇగో ఇటు రా, ఇన్నవా, సేమియా అంట! మా అమ్మ గొంతు లెక్క సన్నగ గొంతు పెట్టి, చీనా సేమియా, చీనా సేమియా అని అన్నడు. మా సాబులు వింటె కుర్చీలకెల్లి కింద పడ్తరు అన్నడు. వాకిట్ల కూసున్న మొగోళ్లు కూడ నవ్విండ్రు. పండుగ గద, నవ్వనీకి అందరు తయారుగనే ఉంటరు. అక్కా ఏదీ, చౌ మేన్ అను, అన్నడు. మా అమ్మ అన్నది. రాలే. మళ్ల అను అన్నడు.

మీ అమ్మ లెక్కనే. సరిగ్గ మీ అమ్మ లెక్కనే. చెంచా ఒక్కటే తక్కువ.

మా అమ్మ చేతులు కొంగుకు తుడుచుకున్నది. చేతులకేం లేదు, ఉత్తగనే తుడుచుకున్నది. పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన, పొంగుతయి, అని ఇంటికి పోయింది. మా బర్రె అప్పుడు చూడితోని ఉండి పాలియ్యడమే బందువెట్టింది. ఆ సంగతి నాకెర్కనే ఉండె. నోట్ల ఉన్న పిప్పరమెంటు ఊంచేసిన నేను.

ఇగో, వంటింట్ల గిన్నెల సప్పుడు ఆగింది, విన్నవా? ఆగనీ. నువ్వు రాయి.

నానిమా పొయ్యి కాడ కూసొని ఇదంత చూస్తనే ఉండె.  జర సేపైనంక గోడ సందు కాడికొచ్చి మా అమ్మను పేరువెట్టి పిలిచింది. మా అమ్మ పలకలే. మళ్ల పిలిచింది. పలకలే. పండుగ నాడు ఆ ఇంటి పెద్దమనిషి గడప దాటదు, వచ్చేటోళ్లు వస్తనే ఉంటరు గద. పైంగ ఆమెకు మోకాళ్ల నొప్పులు. అసొంటి మనిషి గోడకు చెయ్యి పట్టుకుంట, పట్టుకుంట, సుట్టు తిరిగి మా వాకిట్లకొచ్చి నిలబడ్డది. మా అమ్మ లోపట చీకట్ల కూసొనున్నది. నానిమా అన్నది, ఏమే, నా ఇంట్ల గుడ్డ పరవాల్నా వద్దా? నీ చేత్తోని చేసిన సేమియా పొయ్యి మీదున్నది, నువ్వు వస్తెనే దించుత. లేకపోతె మాడనీ. మా ఇంటోళ్లంత ఇయాల ఉపాసమే అనుకుంట. నిన్నటిదాంక ఉంటిమి, ఇంకో రోజు ఉంటం.

ముసలామె గడపల నిలబడి మోకాలు పిసుక్కుంటుంటె ఎంతసేపు కూసుంటది మా అమ్మ? లేసింది. నేను కొంగు పట్టుకొని ఎనుక పోయిన.

గుడ్డ పరిచిండ్రు. అల్లుణ్ని నడిమిట్ల కూసోపెట్టిండ్రు. మొదటి పండుగ అల్లుడంటె వాళ్లల్ల ఎట్లుంటదో నీకు చెప్పాలె. అత్త తన చేత్తోనే వడ్డిస్తది. అల్లుని కంచం ఖాళీగ కనవడొద్దు. ఆయన తింటనే ఉంటడు, ఆమె ఏస్తనే ఉంటది, ఆయన రెండు చేతులు కంచం మీద అడ్డం పెట్టి బస్, బస్, చాలు అని మొత్తుకోవాలె. అప్పుడు గాని ఆపదు. అల్లుని కంచం ఖాళీగ పెట్టుడంటె, బయటికి దొబ్బినట్టే.

నానిమా ఆయన ముందట తళతళ తోమిన కంచం పెట్టింది. గరిట తీసింది. గిన్నెల ముంచలే. ఉత్త గరిటనే ఎత్తి, ఆయన కంచంల బోర్లిచ్చి, చౌ మేన్, అన్నది. ఎట్లన్నదనుకున్నవ్! పెదిమలు ముందటికి పెట్టి, అచ్చం ఆయన నేర్పిన తీరుగనే అన్నది. మళ్ల గరిట ఎత్తింది, ఉత్తదే, చాప్ సూయి, అన్నది. మళ్ల ఎత్తి, బిర్యానీ, అన్నది. షీర్ ఖుర్మా, అన్నది. కంచం నిండ పేర్లే. గరిట పక్కన పెట్టి, ఖావ్ దామాద్ మియా, ఖావ్, తిను, పేర్లన్ని సక్కగ వచ్చినయ్ గద, కడుపు నిండ తిను, అన్నది.

 బీబీ మొఖం మీదికి దుపట్టా గుంజుకున్నది. నానిమా పెనిమిటి, గడ్డం తాత, గొంతు సవరిచ్చుకొని, అరె, పండుగ పూట ఏందిది, అన్నడు. నానిమా అటు చూడకుంటనే, మీకు కూడ పేరే వడ్డియ్యాల్నా? అన్నది. తాత వెంటనే తన కంచం దిక్కు చూసుకుంట కూసున్నడు.

తర్వాత మా అమ్మ కాడికొచ్చింది. క్యారేరు మొత్తం మా అమ్మ కంచంల బోర్లిచ్చినంత పని చేసింది. ఇగో తిను, నీ చీనా సేమియా, అన్నది. నాకు కూడ ఏసింది. నేను తినలే. ఏం జరుగుతదో అని చూస్తున్న.

అల్లుని చెవులు ఎర్రగైనయ్. లేసి పోతడనుకున్నరు అందరు. నిజంగ పోతె ఏంగావాలె? కొత్త పెండ్లి, ఆ పిల్ల గతేంగావాలె? నానిమాకు అది తెల్వదా? తెలుసు. మాటిమాటికి బిడ్డ దిక్కు చూస్తుండె, నేను పక్కనే కూసున్న గద, చూసిన. అయినా ఆ కంచం నింపలే. ఇది రాయి, బిడ్డ దిక్కు చూసింది గాని కంచం నింపలే.

అప్పుడు గొంతు తగ్గిచ్చి అడిగింది. బేటా, ఇది వండే చీనా ఆయన దీన్ని ఏమంటడు?

అల్లుడు తలెత్తలే. నాకెర్కలే అమ్మీజాన్, ఆయన లోపట పొయ్యి కాడుంటడు, ఆయనను ఎవ్వలూ అడగరు, బయట సాబులు ఎట్లంటె నేనట్ల అంటున్న, అన్నడు.

అయితె ఆ చీనా ఆయన మాట సాబు నోట్ల పడి ఇంకో తీరుగైంది. సాబు నోట్లకెల్లి నీ నోట్ల పడి ఇంకో తీరుగైంది. మీ ఇద్దరికీ లేని తప్పు, ఈ పిల్ల నోట్ల పడంగనే ఏడికెల్లొచ్చింది? అన్నది నానిమా, మా అమ్మను చూపిచ్చుకుంట. కోపంగ అనలే. నిజంగనే అడిగినట్టు అడిగింది.

నీకూ గదే అడుగుతున్న నేను, నానిమా లెక్క నిమ్మళంగ కాదు, కోపంగనే అడుగుతున్న. మీ సారు చీనాల పుట్టిండా? దుబాయిల తెల్లోళ్ల కింద నేర్చుకొచ్చిండని నువ్వే చెప్పినవ్. ఆ తెల్లోడు వాని నోటికి ఎట్ల తిరిగితె అట్ల అన్నడు, అది పాసు. మీ సారు వాణ్ని చూసి అన్నడు, అదీ పాసు. ఆరాంఘర్ నుంచి తొండుపల్లి దాంక బండ్లోళ్లు, ఆటోలోళ్లు, బడి పిల్లలు, ఈ పట్నమంత మంచూరియా అని అడిగి, తిని, మూతి తుడుచుకొని పోతున్నరు. ఆ మాట మీ అమ్మ అంటె చెంచా ఎత్తుతవా? నిన్ను కన్న నోరే నీకు దొరికిందా అద్దం పట్టనీకి?

సరే. రాయి. అయిపోవస్తున్నది.

 అల్లుడు ఆ ఖాళీ కంచం రెండు చేతులతోని పట్టుకొని, మా అమ్మ దిక్కు తిరిగిండు. అక్కా అన్నడు. పొద్దుగాల కూడ అక్కా అన్నడు గాని, అది వేరు, ఇది వేరు. అక్కా, ఆ చీనా సేమియా నాకు కూడ జర పెట్టమని చెప్పు, అన్నడు.

ఎవ్వలూ నవ్వలే ఈసారి. మా అమ్మ నానిమా దిక్కు చూసింది. నానిమా ఏం జేసిందో ఎర్కనా? గరిట మా అమ్మ చేతికిచ్చింది. ఆ ఇంట్ల, మొదటి పండుగ అల్లునికి, అత్త తప్ప ఎవ్వలూ వడ్డియ్యని కాడ, గోడ అవతలి మనిషి చేతికి గరిటిచ్చింది. మా అమ్మ లేసి వడ్డిచ్చింది. ముందు క్యారేరుది, తర్వాత బిర్యానీ, తర్వాత తన చేత్తోని చేసిన సేమియా. ఆయన బస్ అక్కా, బస్, అని రెండు చేతులు అడ్డం పెట్టిండు. మా అమ్మ వేళ్ల సందులకెల్లి ఇంకింత పోసింది. అప్పుడు నవ్విండ్రు అందరు. మా అమ్మ కూడ నవ్వింది. అప్పుడు తిన్న నేను.

నానిమా ఆ ముచ్చట మళ్ల ఎన్నడూ ఎత్తలే. మేం చీనా సేమియా అంటె వాళ్లు చీనా సేమియా అన్నరు, ఆ ఇంట్ల ఇగ దాని పేరు గదే. ఆయన ప్రతి పండుగకు వస్తుండె. గల్లీ మొగదల నుంచే అక్కా, చీనా సేమియా తెచ్చిన, గిన్నె తే, అని కేకేస్తుండె. హోటల్ల ఆయన మంచిగనే పెద్ద పనికి పోయిండు. అక్కడ సాబుల ముందట చౌ మేన్ అనే అంటుండె. ఎందుకనడు? అది ఆయన కొలువు. నిన్ను కూడ వద్దంటలేను నేను. సారు ఎట్ల చెప్తె అట్ల నేర్చుకో, మంచిగ అను, పెద్ద పనికి పో. నేర్చుకున్నందుకు కాదు నాకు కోపం. నేర్చుకున్నది పట్టుకొచ్చి తినే మనిషి నోటి ముందట పెట్టినందుకు. ఆకలితోని వచ్చి కూసున్న మనిషి నోరు తినేటందుకు తెరుస్తది, పరీక్ష రాసేటందుకు కాదు.

అగో, ఏదో కోస్తున్నది లోపట. టకటక విన్నవా? క్యాబేజీ సప్పుడే అది. ఆదివారం సంది ఆ పీట మీద క్యాబేజీ ఎక్కలే.

చూడకు అటు. రాయి. నానిమా పోయి ఎన్నేండ్లాయెనో, మా అమ్మ పోయి ఎన్నేండ్లాయెనో. గోడ కూడ లేదు, ఆడ ఇప్పుడు ఎవలిదో కార్ల షెడ్డున్నది. నాకు మిగిలింది ఆ ఖాళీ కంచమే. దాన్ని నేను ఇన్నేండ్లల్ల ఎవ్వలికీ పెట్టలే, తెలుసా? మీ నాయినకు పెట్టలే, మీ తాతకు పెట్టలే, నన్ను తిట్టినోళ్లకు కూడ పెట్టలే. నీకే పెట్టిన. నువ్వు లేసి పోయినంక నేను కూడ తినలే. నువ్వు చూడలే.

ఇగ ఆఖరి మాట రాయి. ఆ రోజు సంది ఇయాల్టి దాంక, నా ఇంట్ల అన్నం కాడ ఎవలొచ్చి కూసున్నా, ఏ పేరు పెట్టి అడిగినా, ఎట్ల అడిగినా, నేను ముందుగాల...

ఆఁ? ఏందే కోడలా? మళ్లొకసారి అను. మంచూరియానా? చల్లారిపోతదా? ఇంకా గట్టిగ అను, రోడ్డు మీద ట్యాక్సీలోళ్లకు వినబడాలె. ఆఁ, గట్ల! గట్ల పిలవాలె రేపు!

ఇద్దరినీ రమ్మంటున్నది, లే. ముందుగాల పోయి పెయింటరుకు ఫోన్ చెయ్యి, బోర్డు ముట్టొద్దని చెప్పు. కాదు కాదు, ముందు తిను, తర్వాత చెయ్యి. నీ కంచం నువ్వే కడుక్కొని తీస్కపో. రెండు చేతులతోని పట్టుకో. ఆమె ఎట్లంటదో అట్లనే అడుగు. వస్తున్ననే, వస్తున్న, మోకాళ్లు జర లేవాలె గద! ఇంకేం రాస్తున్నవ్ పిల్లా? ఏడిదాంక చెప్పిన నేను... ఆఁ, ముందుగాల వాళ్ల కంచం నింపు...